చేపల తొట్టి బరువు ఎక్కడికి దిగుతుంది?

వరంగల్‌లో గానీ కరీంనగర్‌లో గానీ చేపల తొట్టి కొనడానికి వెళ్లినవారు దుకాణంలో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ చేపలు ఏ చేపలతో కలిసి బతుకుతాయి, ఫిల్టర్ ఏది మంచిది, నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలి. స్టాండు దగ్గరికి వచ్చేసరికి రంగు, ఎత్తు, ధర తప్ప మరో మాట ఉండదు. ఇంట్లో ఎక్కడ పెడతారో, అక్కడ నేల కింద ఏముందో కొనేవారు చెప్పరు, అమ్మేవారు అడగరు. ఎవరికైనా అనుమానం వచ్చినా ఇంట్లో జవాబు సిద్ధంగా ఉంటుంది: "గ్రానైట్ వేయించాం, ఏం కాదు."

ఆ జవాబులో సగం నిజమే. గ్రానైట్‌కు ఏమీ కాదు. మిగతా సగం గ్రానైట్ కింద ఉంది.

ముందు బరువు లెక్క చూడాలి. కాస్త పెద్ద తొట్టి అనగానే గుర్తొచ్చే కొలత నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 9 ఘనపుటడుగులు; ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 255 లీటర్లు. అంచు దాకా ఎవరూ నింపరు, అడుగున రాళ్లు కొంత చోటు తీసుకుంటాయి కాబట్టి నికరంగా 215 లీటర్లు అనుకోవచ్చు. లీటరు నీరు కిలో తూగుతుంది కనుక అది 215 కిలోలు. 10 మిల్లీమీటర్ల మందం అద్దం చదరపు మీటరుకు 25 కిలోలు ఉంటుంది. ఈ తొట్టికి రెండు చదరపు మీటర్లకు పైగా అద్దం పడుతుంది, అది 50 కిలోల పైమాట. రెండంగుళాల మందాన పరిచిన గులకరాళ్లు మరో 45 కిలోలు. ఇనుప స్టాండు, దాని మీది ప్లైవుడ్, మూత, లైటు, ఫిల్టర్ కలిపి ఇంకో 50 దాకా. మొత్తం 360 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాలు పద్నాలుగింటిని ఆరు చదరపు అడుగుల చోట పేర్చి, ఏళ్ల తరబడి కదపకుండా వదిలేసినట్టు.

రెండడుగుల చిన్న తొట్టికి ఈ చర్చ అంతా అనవసరం. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న అలాంటి తొట్టి అన్నీ కలిపినా 90 కిలోలు దాటడం కష్టం. గట్టి బల్ల ఉంటే చాలు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్నదైతే 900 కిలోల దగ్గరికి వెళుతుంది; దాన్ని పై అంతస్తులో పెట్టే ముందు ఇంటి ప్లాను పట్టుకుని స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి వెళ్లడం తప్ప దగ్గరి దారి లేదు. చిక్కంతా నడిమి కొలతలతోనే. అవి భయపెట్టేంత పెద్దవి కావు, పట్టించుకోకుండా ఉండేంత చిన్నవీ కావు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తొట్టి పొడవు పెరిగితే బరువు పెరుగుతుంది గానీ, ఆ బరువు పరుచుకునే చోటు కూడా అంతే పెరుగుతుంది. నేల మీద చదరపు అడుగుకు పడే భారాన్ని నిర్ణయించేది ఎత్తు. అడుగున్నర ఎత్తు తొట్టి, స్టాండుతో కలిపి, చదరపు మీటరుకు సుమారు 650 కిలోలు మోపితే, రెండడుగుల ఎత్తుది 800 మోపుతుంది. చోటు కలిసివస్తుందని పొడవు తక్కువగా, నిలువుగా ఉన్న తొట్టిని ఎంచుకునేవారు నేలకు మేలు చేస్తున్నామనుకుంటారు. నిజానికి చేస్తున్నది దానికి ఎదురు.

చదరపు మీటరుకు 650 కిలోలు అన్నది వినడానికి పెద్దగా ఉంటుంది. దాన్నే చదరపు సెంటీమీటరుకు మార్చితే 65 గ్రాములు. 70 కిలోల మనిషి ఒట్టి కాళ్లతో నిలబడితే పాదాల కింద చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల దాకా పడుతుంది. అంటే అడుగంతా సమంగా ఆనించిన తొట్టి, నేల పైపొరను మనిషి కంటే తేలిగ్గానే తాకుతుంది. టైలు నలుగుతుందా, బండ పగులుతుందా అన్న భయానికి ఈ లెక్క ప్రకారం చోటే లేదు.

అయితే తొట్టి అడుగంతా నేలకు ఆనదు. నాలుగు కాళ్ల మీద నిలుస్తుంది.

వెల్డింగ్ షాపులో చేయించే స్టాండుకు మామూలుగా చదరపు పైపు వాడతారు. 35 మిల్లీమీటర్ల పైపు, 3 మిల్లీమీటర్ల గోడ అనుకుందాం. కాలి కొస తెరిచి ఉంటే నేలను తాకే ఇనుము నాలుగు చదరపు సెంటీమీటర్లయినా ఉండదు. ఒక్కో కాలి మీద 90 కిలోలు పడితే చదరపు సెంటీమీటరుకు 23 కిలోలు. 65 గ్రాములు ఎక్కడ, 23 కిలోలు ఎక్కడ? ఒకే తొట్టి, ఒకే నేల, ఒత్తిడి మాత్రం మూడు వందల అరవై రెట్లు. కొసకు తొడిగే ప్లాస్టిక్ మూతలు ఈ ఒత్తిడికి కొన్ని నెలల్లోనే చీలిపోయి, వాటిలోంచి ఇనుప అంచు బయటికొస్తుంది. అదే కాలి కింద 10 సెంటీమీటర్ల చదరపు ఇనుప పలకను, 6 మిల్లీమీటర్ల మందంతో, వెల్డింగ్ చేయిస్తే ఒత్తిడి కిలోలోపు పడిపోతుంది. దానికయ్యే ఖర్చు ఒక మంచి చేప ధర కూడా ఉండదు. స్టాండు చేయించేటప్పుడు పట్టుబట్టి అడగాల్సింది ఈ పలకలను. పెయింటు తర్వాత చూసుకోవచ్చు.

కాళ్ల బదులు కింద కూడా చుట్టూ ఫ్రేము ఉన్న స్టాండు ఇంకా నయం. బరువు గీతలా పరుచుకుంటుంది. కాకపోతే నేల ఏమాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ గీత రెండు మూడు చోట్లే ఆనుతుంది. కళ్లకు మాత్రం అంతా ఆనినట్టే కనిపిస్తుంది.

పైపొర, దాని కింది పొర

23 కిలోల ఒత్తిడి కూడా విట్రిఫైడ్ టైలును గానీ కరీంనగర్ గ్రానైట్‌ను గానీ నలపలేదు. గ్రానైట్ చదరపు సెంటీమీటరుకు వెయ్యి కిలోలు వేసినా నిలుస్తుంది. మరి టైల్స్ ఎందుకు పగులుతున్నాయి? నలిగి కాదు, వంగి. రాయికీ పింగాణీకీ ఒత్తిడిని తట్టుకునే బలం ఎంత ఎక్కువో, వంపును తట్టుకునే బలం అంత తక్కువ. కింద గట్టిగా ఆనిక ఉంటే టైలు ఏనుగునైనా మోస్తుంది. కింద డొల్ల ఉంటే స్టాండు కాలికే చిట్లుతుంది.

ఆ డొల్ల ఎలా వస్తుందో టైల్స్ పని చూసినవారికి తెలుసు. ఇసుక, సిమెంటు కలిపిన మాలు పరిచి, పైన సిమెంటు పాలు పోసి, టైలు పెట్టి రబ్బరు సుత్తితో తట్టి మట్టం చేస్తారు. నడుమ బాగా అంటుకుంటుంది. అంచుల్లో, ముఖ్యంగా మూలల్లో, మాలు అందక ఖాళీ మిగులుతుంది. రెండడుగుల చదరపు టైల్స్‌లోనే ఈ బాధ ఉంటే, ఇప్పుడు వేయిస్తున్న నాలుగైదు అడుగుల పొడవు టైల్స్‌లో మరింత. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. స్టాండు కాళ్లు వచ్చే నాలుగు చోట్లా రూపాయి నాణెంతో తట్టి వినాలి. గట్టి చోట కంగుమనదు, మొద్దుగా పలుకుతుంది; డొల్ల చోట కుండ మీద కొట్టినట్టు మోగుతుంది. మోగిన చోట కాలు రాకుండా స్టాండును ఒక అడుగు జరపడం అన్నిటికంటే చవకైన మార్గం. జరపడానికి వీల్లేకపోతే కాళ్ల కింద రెండు టైల్స్‌ను దాటి వచ్చేంత పొడవైన మందపాటి ప్లైవుడ్‌నో, రెండు పట్టీలనో వేస్తే బరువు డొల్లను దాటి గట్టి చోటికి చేరుతుంది.

పాత ఇళ్లలో నేల అంటే షాబాద్ బండలు, తాండూరు బండలు. ఈ రెండూ సున్నపురాళ్లే. వీటితో కథ వేరు. అడుగు భాగం చెక్కకుండా గరుకుగా, హెచ్చుతగ్గులతో ఉంటుంది. చాలా ఇళ్లలో వీటిని ఇసుక మీదనో మట్టి మీదనో పరిచి సందుల్లో మాత్రమే సిమెంటు పూశారు. నడుస్తుంటే ఎక్కడో ఒక బండ టక్కుమంటుంది. ఇంట్లోవారికి ఏ బండ పలుకుతుందో తెలుసు, అలవాటైపోయి పట్టించుకోరు. ఆ పలికే బండ మీద స్టాండు కాలు పెట్టకూడదు. పలకని బండలయితే మందం పుణ్యమా అని టైల్స్ కంటే నమ్మదగినవే. వాటికున్న అసలు శత్రువు ఆమ్లం. తొట్టి అద్దం మీద పేరుకున్న ఉప్పు చారలను పోగొట్టడానికి వాడే వెనిగర్, నిమ్మరసం సున్నపురాయిని తింటాయి. స్టాండు చుట్టూ బండ మీద తెల్లబారిన మచ్చలు కనిపిస్తే అది నీళ్ల పని కాదు. మార్బుల్‌కూ ఇదే వర్తిస్తుంది. దానికి అదనంగా ఇనుప కాళ్ల తుప్పు మరక పట్టిందంటే ఇక వదలదు.

మొజాయిక్ నేల, పాతకాలపు సిమెంటు గచ్చు ఇప్పుడు ఎవరికీ నచ్చవు. తొట్టికి మాత్రం వాటిని మించిన నేల లేదు. అతుకు లేకుండా కింది కాంక్రీటుతో ఒకటైపోయి ఉంటాయి కాబట్టి డొల్లకు అవకాశం తక్కువ. లామినేట్ చెక్క నేల మీద పెద్ద తొట్టి వద్దు అనడమే మంచిది. నీళ్లు మార్చిన ప్రతిసారీ కారే నాలుగు చుక్కలకే దాని అతుకులు ఉబ్బుతాయి.

ఏ నేల మీదైనా స్టాండు కింద నల్లటి రబ్బరు మ్యాట్ పరిచే అలవాటు ఉంది. అది తడిని కింద బంధిస్తుంది, లేత రంగు రాయి మీద మరక వదులుతుంది. బరువు పంచడంలో దాని సాయం నామమాత్రం.

కింది అంతస్తు అనగానే నిశ్చింత కాదు

పై అంతస్తులో పెడితే ప్రమాదం, కింద పెడితే భూమే మోస్తుంది అన్నది అందరూ ఒప్పుకునే మాట. ఉత్తర తెలంగాణ నేలల్లో ఈ మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలి. ఎర్రటి చల్కా నేల మీద కట్టిన ఇంటికి అది చెల్లుతుంది. నల్లరేగడి మీద కట్టిన ఇంటికి అంత సులువుగా చెల్లదు.

కారణం ఇంటి కట్టుబడిలోనే ఉంది. గోడలు, పిల్లర్లు పునాది మీద నిలుస్తాయి. నేల మాత్రం పునాది మీద ఉండదు. పునాది గోడల నడుమ, మేస్త్రీలు బేస్మెంట్ అని పిలిచే ఎత్తులో, మొరం గానీ మట్టి గానీ నింపి, దాని మీద పలచగా కాంక్రీటు పోసి బండలు పరుస్తారు. ఆ నింపిన మట్టిని అరడుగు చొప్పున పొరలుగా పోసి, నీళ్లు పట్టి, దిమ్మిసతో కొట్టాలి. తొందర మీద ఉన్న కట్టుబడిలో ట్రాక్టరు ట్రాక్టరూ దింపేసి, పైన ఒకసారి నీళ్లు వదిలి సరిపెడతారు. తవ్విన పునాది గుంతల్లోంచి వచ్చిన నల్లమట్టినే తిరిగి నింపితే ఇక చెప్పనక్కర్లేదు. గోడలు కదలవు, స్లాబు కదలదు, నడుమ నేల ఒక్కటే ఏళ్ల తరబడి నెమ్మదిగా దిగుతూ ఉంటుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ నల్లరేగడి మాత్రం ఆ ఎండలకు నెర్రెలు బారుతుంది, వానలు పడగానే ఉబ్బుతుంది. ఇంటి కింద ఉన్నంత మాత్రాన ఆ మట్టి స్వభావం మానుకోదు. ఏటా ఈ పైకీ కిందికీ జరిగే కదలికలో ఒక మూల 360 కిలోలు స్థిరంగా కూర్చుంటే ఆ మూల తక్కిన గది కంటే కాస్త ఎక్కువ దిగుతుంది. తొట్టిని పడగొట్టేంత కాదు. మట్టం తప్పించేంత.

దీనికి ఇంట్లోనే ఒక సాక్షి ఉంది. గోడ అడుగున వేసే స్కర్టింగ్ గోడకు అంటుకుని ఉంటుంది, నేలతో పాటు దిగదు. నేల కుంగితే స్కర్టింగ్‌కూ నేలకూ మధ్య సన్నని సందు తెరుచుకుంటుంది. ఏటీఎం కార్డు దూరేంత సందు కనిపించిన గోడ పక్కన పెద్ద తొట్టి పెట్టకపోవడం మేలు. ముందు ఆ నేల సంగతి మేస్త్రీకి చూపించాలి. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ వరంగల్, హనుమకొండ లోతట్టు కాలనీల్లో వరదనీరు నిలిచింది. అలా నీళ్లు చేరిన ఇళ్లలో బేస్మెంట్ మట్టి ఒకసారి పూర్తిగా నాని ఆరిందని గుర్తుంచుకోవాలి. పైన బండలు కడిగి తుడిస్తే పాత నేలలాగే కనిపిస్తుంది గానీ కింద ఖాళీ ఏర్పడి ఉండవచ్చు. నాణెం పరీక్ష అక్కడ తప్పనిసరి.

ఇసుక మీద వేసిన నేల అంటే బలహీనమనే అనుమానం కూడా ఉంది. ఆ అనుమానానికి పాలంపేటలోనే జవాబుంది. 1213 నాటి శాసనం ఉన్న రామప్ప గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి, ఇసుక నింపిన పునాది మీదే నిలిచింది. చుట్టూ కదలకుండా బంధించిన ఇసుక అంత తేలిగ్గా అణగదు, బరువును నలుదిక్కులా పంచుతుంది. బలహీనత ఇసుకలో లేదు, దాన్ని పట్టి ఉంచే కట్టు తెగడంలో ఉంది. మామూలు ఇంట్లో ఆ కట్టును తెంచేవి రెండే: పగిలిన నీటి పైపు, పందికొక్కు. పెరటి వైపు బొరియలు కనిపించే ఇంట్లో ఆ గోడను వదిలేసి మరో గోడ వెతకాలి.

పై అంతస్తులో స్లాబు ఏం మోస్తుంది

ఇళ్ల స్లాబులను లెక్కగట్టేటప్పుడు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం నివాస గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల భారం తీసుకుంటారు. అంటే రమారమి 200 కిలోలు. మన తొట్టి మోపేది 650. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి కొందరు బెంబేలెత్తుతారు. మరికొందరు పది అడుగులు, పన్నెండు అడుగుల గది మొత్తానికి లెక్కవేసి, 2,200 కిలోలు మోయగలదు కాబట్టి 360 ఒక లెక్కా అని తేల్చేస్తారు. ఇద్దరిదీ తప్పే. 200 అన్నది గది అంతటా ఒకేసారి పరుచుకున్న బరువుకు చెప్పిన అంకె. ఒక చిన్న చోట అంతకు మించి పడినా పక్క భాగం సాయం పడుతుంది. అలాగని గది మోయగల మొత్తం బరువును తెచ్చి నడుమ కుప్ప పోస్తే స్లాబు ఊరుకోదు. ఎంత బరువు అన్నదాని కంటే ఎక్కడ అన్నదే ఇక్కడ తేల్చాల్సింది.

మూడు మీటర్ల దూరంలో ఉన్న రెండు బీముల మధ్య స్లాబును ఒక పలకగా ఊహించుకుంటే లెక్క సులువు. 360 కిలోలను సరిగ్గా నడుమ పెడితే పుట్టే వంపు బలం 270; ఇది కిలోలను మీటర్లతో గుణించిన అంకె. అదే బరువును బీము నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే అది 97కు పడిపోతుంది, మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఇనుము కలపకుండా, తొట్టిని గోడ వైపుకు జరిపినందుకే ఇంత తేడా. హాలుకూ భోజనాల గదికీ మధ్య అడ్డుగా, గది నడుమ తొట్టి పెట్టించే అలంకరణలు చూడ్డానికి బాగుంటాయి. స్లాబు వైపు నుంచి చూస్తే అంతకంటే చెడ్డ చోటు లేదు.

గోడ వైపు అనడంలోనూ ఒక మెలిక ఉంది. అన్ని గోడల కిందా బీము ఉండదు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలను చాలాచోట్ల నేరుగా స్లాబు మీదే లేపుతారు. అలాంటి గోడ తానే ఒక బరువు. దాని పక్కన తొట్టి పెట్టడమంటే ఒకే చోట రెండు బరువులు కలపడమే. బీము ఎక్కడుందో తెలుసుకోవడానికి కింది ఇంటివారి తలుపు తట్టాల్సిన పని లేదు. అపార్ట్‌మెంట్లలో మామూలుగా ప్రతి అంతస్తుకూ అదే ప్లాను ఉంటుంది కనుక, తలెత్తి సొంత ఇంటి కప్పు చూస్తే చాలు. పైన బీము కనిపించిన చోటే కాళ్ల కింద కూడా బీము ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ కట్టించుకున్నవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు.

స్లాబు కూలిపోతుందన్న భయం చాలావరకు అతి. సరిగా కట్టిన స్లాబుకు లెక్కలోనే ఒకటిన్నర రెట్ల భారానికి చోటు ఇస్తారు. అయితే ఆ వెసులుబాటు నాసిరకం ఇసుకకు, తప్పిన క్యూరింగ్‌కు, అనుకోని బరువులకు ఉంచినది. చేపల కోసం కాదు. జరిగేది కూలడం కాదు, నెమ్మదిగా వంగడం. ఆగకుండా బరువు మోసే కాంక్రీటు ఏళ్లు గడిచేకొద్దీ ఇంకొంచెం, ఇంకొంచెం వంగుతుంది. పెళ్లికి వందమంది వచ్చి వెళ్లిన బరువును స్లాబు మరిచిపోతుంది. తొట్టిని మరిచిపోయే వీలు దానికి ఎప్పుడూ దొరకదు.

బాల్కనీ ముందుకు చొచ్చుకొచ్చిన స్లాబు, ఒకవైపే పట్టు ఉంటుంది. పెద్ద తొట్టికి అది చోటు కాదు. స్నానాల గది పక్కన స్లాబును లోతుగా దించి, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ వేసిన చోటు కూడా అంతే.

వాస్తు సంగతి ఎత్తకుండా మన ఇళ్లలో ఈ చర్చ ముగియదు. నీళ్లు ఈశాన్యంలో ఉండాలి కాబట్టి తొట్టి ఈశాన్యంలో పెట్టమంటారు. బరువులు నైరుతిలో ఉండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి అనేది కూడా అదే వాస్తు. 360 కిలోల నీటి తొట్టిని నీరుగా లెక్కించాలా, బరువుగా లెక్కించాలా అన్నది పండితులు తేల్చుకోవచ్చు. కాంక్రీటుకు మాత్రం దిక్కులు తెలియవు, బీములు తెలుసు. ఈశాన్య మూలలో పిల్లరూ బీములూ కలిసే చోటు ఉంటే ఇద్దరికీ తగాదా లేదు.

పాత బజార్లలో ఇంకా మిగిలి ఉన్న దూలాల మిద్దెల మాట వేరు. పై నేల చెక్క దూలాలు, వాటి మీద అడ్డంగా వరసగా పరిచిన సన్న కర్రలైన దంతెల మీద ఉంటే తొట్టి పొడవు దంతెలకు అడ్డంగా రావాలి. అప్పుడు బరువు నాలుగైదు దంతెలకు పంచుకుంటుంది. నిలువుగా పెడితే ఒకటి రెండిటి మీదే పడుతుంది. చెదలు తాకిన దూలమైతే ఏ దిక్కున పెట్టినా ఒకటే.

ఇనుప స్టాండు తుప్పు పడుతుందని ఇటుకలతో గట్టు కట్టించి, పైన గ్రానైట్ పలక వేయించుకునేవారున్నారు. కింది అంతస్తులో, నేల గట్టిదైతే, ఇది మంచి పని. పై అంతస్తులో మాత్రం కట్టే ముందు తూకం వేసుకోవాలి. రెండున్నర అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు ఉన్న తొమ్మిదంగుళాల గోడలు రెండు కలిపి 300 కిలోలు తూగుతాయి. తొట్టి ఇంకా రాకముందే తొట్టంత బరువు స్లాబు మీద చేరిందన్నమాట. నాలుగున్నర అంగుళాల గోడలైతే అందులో సగం. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ పలకను రెండు చివర్ల గోడల మీద ఆనించి నడుమ ఖాళీ వదిలితే మళ్లీ మొదటి సమస్యే: వంపు. రాతిలో కంటికి కనిపించని జీర ఒకటి ఉంటే చాలు. నడుమ మూడో గోడ లేకుండా ఆ పని చేయకూడదు.

వాలు వేరు, మెలి వేరు

మన ఇళ్ల నేల చదునుగా ఉండదు, ఉండకూడదనే కట్టించుకుంటాం. కడిగితే నీళ్లు గుమ్మం వైపో జాలి వైపో పోవాలి కాబట్టి మేస్త్రీ వాలు పెడతాడు. వరండాలో ఇది మరీ ఎక్కువ. నాలుగడుగుల పొడవులో ఒక సెంటీమీటరు వాలు ఉండటం వింత కాదు. తొట్టి నింపగానే నీటి గీత ఒకవైపు ఎక్కువగా కనిపిస్తుంది, ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. నిజానికి ఒక సెంటీమీటరు లోతు తేడా వల్ల అద్దం మీద పెరిగే ఒత్తిడి స్వల్పం. చూపుకు బాగుండదంతే.

అద్దాన్ని పగలగొట్టేది మెలి. నాలుగు కాళ్లలో మూడు ఒక మట్టంలో ఉండి నాలుగోది కిందికో పైకో ఉంటే, నీళ్లు నిండేకొద్దీ స్టాండు ఆ నాలుగో కాలిని వెతుక్కుంటూ మెలి తిరుగుతుంది. దాని మీదున్న అద్దం మెలి తిరగలేదు. మూలన సిలికాన్ అతుకు విడుతుంది, లేదా అడుగు అద్దం మీద ఏటవాలుగా గీత పడుతుంది. అది పెట్టిన రోజున జరగదు. వారానికో, ఆరు నెలలకో అర్ధరాత్రి జరుగుతుంది.

రెండింటినీ వేరు చేయడానికి రసమట్టం కూడా అక్కర్లేదు, తొట్టిలోని నీళ్లే మట్టం. పావు వంతు నింపి, నాలుగు మూలల్లో పై అంచు నుంచి నీటి దాకా ఉన్న దూరాన్ని స్కేలుతో కొలిచి వరసగా రాసుకోవాలి. ఎదురెదురు మూలల అంకెలను కలపాలి. మూలల చుట్టూ వరసగా 320, 324, 330, 326 మిల్లీమీటర్లు వచ్చాయనుకుంటే, 320, 330 కలిపితే 650. 324, 326 కలిపినా 650. సమానం కాబట్టి ఇది ఉత్త వాలు, భయం లేదు. 320, 324, 326, 326 వస్తే ఒకవైపు 646, ఇంకోవైపు 650. మూలలన్నీ ఒక తలంలో లేవు, అద్దం మెలిపడుతోంది. అక్కడితో ఆపి నీళ్లు తీసేయాలి.

సరిచేయడం కాళ్ల దగ్గరే జరగాలి. తక్కువైన కాలి పలక కింద గట్టి ప్లాస్టిక్ ముక్కో, ఇనుప రేకో పలక మొత్తానికి సరిపడా పెట్టాలి. మడతపెట్టిన అట్ట ముక్కలు మొదటి వారం తడికే మెత్తబడతాయి. అద్దానికీ ప్లైవుడ్‌కూ మధ్య వేసే థర్మోకోల్ షీటును చాలామంది సర్వరోగ నివారిణి అనుకుంటారు. అది ఇసుక రేణువును, ప్లైవుడ్ మీది చిన్న బొడిపెను మింగుతుంది. మెలి తిరిగిన స్టాండును అది చక్కదిద్దలేదు. అదే థర్మోకోల్‌ను కాళ్ల కింద పెడితే నలిగి కాగితమవుతుంది; 65 గ్రాములకు సరిపడే వస్తువును 23 కిలోల కింద పెట్టినట్టు.

2024 డిసెంబర్ 4న ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు వరంగల్, కరీంనగర్ ఇళ్లలోనూ ఆ అదురు తెలిసింది. ఇంతవరకూ చెప్పిన లెక్కల్లో ఎక్కడా రాని పక్క బలం అది. రెండున్నర అడుగుల స్టాండు మీద అడుగున్నర తొట్టి ఉంటే మొత్తం భారం కేంద్రం నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉంటుంది, వెడల్పు చూస్తే అడుగున్నరే. బరువులో నాలుగో వంతు, అంటే 90 కిలోల నెట్టుడు ఆ ఎత్తులో పక్క నుంచి పడితే అది ఒరిగిపోతుంది. ముందు కాళ్ల కింద నేల కుంగి ఉంటే ఇంకా తక్కువే చాలు. భూకంపం దాకా ఎందుకు, స్టాండు బద్ద మీద కాలు పెట్టి చేపలను చూడటానికి ఎక్కే పిల్లలు ప్రతి ఇంట్లో ఉంటారు. స్టాండు పై ఫ్రేమును రెండు చోట్ల గోడకు క్లాంపులతో బిగించడం, వెనకవైపు మూల నుంచి మూలకు ఏటవాలు బద్ద ఒకటి వెల్డింగ్ చేయించడం ఈ రెంటికీ మందు. గోదావరిఖని లాంటి చోట్ల ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల పేలుళ్ల అదురు ఇంటికి తగిలేవారికి ఆ బద్ద తప్పనిసరి. రోజూ వచ్చే చిన్న అదురుకు కాళ్ల కింద పెట్టిన ముక్కలు జరిగిపోతుంటాయి.

తొట్టి నింపి, చేపలు వదిలాక కూడా మూలల కొలతను కాగితం మీద తేదీ వేసి స్టాండు తలుపు లోపల అంటించుకోవాలి. నీళ్లు ఆవిరై మట్టం తగ్గినా ఫరవాలేదు, చూడాల్సింది మూలల మధ్య తేడాలనే. నల్లరేగడి మీది ఇంట్లో మే చివర ఒకసారి, వానలు బాగా పడ్డాక ఆగస్టులో ఒకసారి కొలిస్తే చాలు. ఎదురు మూలల మొత్తాల మధ్య తేడా రెండు మిల్లీమీటర్లు దాటిందంటే, స్టాండును తప్పుపట్టే ముందు వంగి స్కర్టింగ్ కింది సందును చూడాలి.